గద్ద తరఫున మాట్లాడిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన నెల చనిపోయింది. అశోక్‌నగర్‌లో మా జిరాక్సు దుకాణం షట్టరు అప్పుడే ఎత్తాను. పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, ఫోన్ చేసి “అమ్మ లేదే ఇగ” అన్నాడు. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బాల్కనీలో కుర్చీలో కూర్చుందట. అన్న పాల ప్యాకెట్లు తెచ్చేసరికి అంతా అయిపోయింది. మంచం పట్టి ఇంకొకరి చేత నీళ్లు తాగే రోజు తనకు రాకూడదని ఎప్పుడూ అనేది. ఆ మాట నెగ్గించుకుంది.

దుకాణం ముందు పోటీ పరీక్షలకు చదివే పిల్లలు అప్పటికే నోట్సులు పట్టుకుని నిలబడ్డారు. ఎత్తిన షట్టరు మళ్లీ దించుతుంటే ఏమైందని అడిగారు, చెప్పాను. “గద్దల మేడమా, అక్కా?” అంది ఒకమ్మాయి. సాయంత్రాలు మా దుకాణంలో స్టూలు వేసుకుని కూర్చునే ముసలావిడ అసలు పేరు వాళ్లెవరికీ తెలియదు. ఆ బిరుదే తెలుసు. అది చిక్కడపల్లిలో మా గల్లీ ఇచ్చిన బిరుదు. మా గల్లీ ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వదు. పార్కింగులో పక్కింటి బండికి జానెడు జాగా ఇవ్వని జనం మేము. అలాంటి చోట ఆమె ఈ పేరు ఎలా సంపాదించుకుందో చెబుదామనే ఇది రాస్తున్నాను. ఏడుపు ఉంది, కానీ గర్వమే ఎక్కువగా ఉంది. దాన్ని దాచుకునేంత వినయం నాకు లేదు.

పెద్దమ్మ హిమాయత్‌నగర్‌లో ఒక బ్యాంకులో పనిచేసి రిటైరైంది. చెక్కు మీది సంతకాన్ని, బ్యాంకులో ఉన్న సంతకంతో పోల్చి చూసి పాస్ చెయ్యడం ఆమె పని. ఆ సీటులో ఎక్కువ కాలం ఎవరూ ఉండరట, కళ్లు పోతాయని. ఈమె మాత్రం కదల్లేదు. “అక్షరం చూడొద్దు బిడ్డా, అక్షరం ఎవడైన దింపుతడు. చెయ్యి నడక చూడాలె” అనేది. పోలిక కుదరకపోతే చెక్కు ఆపేది. కానీ దొంగ సంతకం అని ఒక్కసారి కూడా రాయలేదు. పోలలేదని మాత్రమే రాసేది. చేతికి కట్టు ఉండొచ్చు, వణుకు వచ్చి ఉండొచ్చు, నిజంగా దొంగే కావచ్చు. అది తేల్చేది నేను కాదు అనేది.

పక్షుల్లోకి ఆమె వచ్చింది ఒక అవమానంతో. రిటైరైన కొత్తలో బాల్కనీలో ఏసీ డబ్బా మీద పావురమంత పక్షి ఒకటి కూర్చుని తొండను తింటోంది. గద్ద పిల్ల అని పెద్దమ్మ గల్లీ అంతా చాటింపు వేసింది. పాపం, తల్లి వదిలేసిందని జాలి కూడా పడింది. తర్వాత ఎవరో ఫోటో చూసి, అది గద్ద పిల్ల కాదు, జాలె డేగ, దానికి పెళ్లాం పిల్లలు కూడా ఉండే వయసు అని చెప్పారు. మా ఇంట్లో అందరం పడి పడి నవ్వాం. మాకసలు పక్షులు రెండే రకాలు, తినేవి, తిననివి. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. జిందగీ మొత్తం పోలికలు చూసి బతికినదాన్ని, కళ్ల ముందున్న దాన్ని పోల్చుకోలేకపోయానని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు నన్ను వెంటేసుకుని సుల్తాన్ బజార్‌కు వెళ్లి, బేరమాడి బేరమాడి ఒక దుర్భిణి కొంది.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున పక్షులు చూసేవాళ్ల గుంపుతో ఊరవతలి చెరువులకు పోయేది. మిగతా రోజుల్లో నారాయణగూడ ఫ్లైఓవరే ఆమెకు చెరువు, అడవీ. పొద్దున్న ఎండ కాస్త వేడెక్కగానే అక్కడ గద్దలు తిరగడం మొదలవుతుంది. కూరగాయలకని నన్ను తీసుకువెళ్లి, ఫ్లైఓవరు కింద చాయ్ దుకాణం ముందు నిలబెట్టి పైకి చూడమనేది. రంగు చెప్పబోతే ఆపేది. రంగు ఎండ చెప్పే మాట, ఆకారం పక్షి చెప్పే మాట, రెండోదే వినాలనేది. గద్ద రెక్క కొస చూడు, చేతివేళ్లు విప్పినట్టు ఈకలు విడివిడిగా ఉంటాయి. జాలె డేగది పొట్టి రెక్క, నాలుగుసార్లు కొట్టుకుని కాస్త జారుతుంది. బైరి డేగ వేరే లెక్క, దాని రెక్క కత్తిలా కొసదేలి ఉంటుంది, వేళ్లు కనపడవు. చలికాలం ఎక్కడి నుంచో మన వైపు వస్తుంది, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతుంది. ఇవన్నీ చాయ్ చల్లారేలోపు చెప్పేది. నాకు మెడ నొప్పి తప్ప ఏమీ వచ్చేది కాదు మొదట్లో.

గుంపులో పెద్దమ్మకు ఇంకో పేరుండేది, ‘తెలవదు మేడమ్’ అని. మిగతావాళ్లు పైన చుక్క కనపడగానే పేరు విసిరేవాళ్లు. ఈమె దుర్భిణి దించి, రెక్క చూశాను, తోక చూడలేదు, తెలియదు అనేది. నాకు చిన్నతనంగా ఉండేది. ఇంత చదివి, ఇంత తిరిగి, నలుగురిలో తెలియదనడం ఏమిటని విసుక్కుంటే, చూసినంతే మనది, మిగతాది మన ఆశ అని చెప్పి బటాణీల పొట్లం విప్పేది.

ఇక గల్లీ సంగతి. పెద్దమ్మా మేమూ ఉండే అపార్టుమెంటు పక్కనే పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. ఒక చలికాలం దాని చిటారు కొమ్మల్లో గద్దల జత గూడు కట్టింది. పుల్లలు, పాత గుడ్డలు, ఎవరిదో మొలతాడు, అన్నీ తెచ్చి పేర్చాయి. గుడ్లు పిల్లలయ్యాక గల్లీకి కష్టాలు మొదలయ్యాయి. కార్ల మీద కోడి పేగులు పడేవి. డాబా మీద బట్టలు ఆరేసే ఆమె తల మీద గద్ద తన్నిపోయింది. పూలకుండీలకు నీళ్లు పోసే పెద్దాయన హెల్మెట్ పెట్టుకుని డాబా ఎక్కేవాడు. అందరికీ కోపమే, కానీ చెట్టు జోలికి పోవడానికి ఒక గట్టి కారణం కావాలి.

ఆ కారణం ఎదురింటి డాబా నుంచి వచ్చింది. అక్కడ ఒకాయన పావురాలు పెంచుతాడు. మేము పావురాలన్న అంటాం. గాలిలో పల్టీలు కొట్టే రకం అవి, పేర్లు పెట్టి పిలుచుకుంటాడు. తండ్రి నుంచి వచ్చిన ఇష్టం. పొద్దున్నే వెదురు కర్రకు గుడ్డ కట్టి ఊపి, ఈలవేసి ఎగరేస్తాడు. ఆ చలికాలం ఎగరేసిన పావురాలు ఒకటొకటిగా తగ్గడం మొదలైంది. ఒకరోజు చెట్టు కింద ఆయన పావురం కాలి రింగు దొరికింది. కాలితో సహా. పైన చూస్తే గద్ద గూడు. ఇంకేం కావాలి. ఆయన ఆ కాలును గుప్పిట్లో పట్టుకుని గల్లీ మధ్యలో నిలబడి ఏడ్చాడు. నేను చూశాను, ఆ ఏడుపు నాటకం కాదు.

ఆ సాయంత్రమే సెల్లారులో మీటింగు పెట్టారు. ఆదివారం మనిషిని పిలిచి గూడున్న కొమ్మ కొట్టించాలని సెక్రటరీ చెప్పాడు. గూట్లో రెండు పిల్లలున్నాయి, ఇంకా ఎగరడం రాదు. కొమ్మ పడితే అవీ పోతాయని అందరికీ తెలుసు. పెద్దమ్మ లేచి, పావురాన్ని చంపింది గద్దేనని చూసినవాళ్లు ఎవరు అని అడిగింది. ఎవరూ చూడలేదు. గాలిలో హుషారుగా ఎగిరే పావురాన్ని పట్టేంత వేగం గద్దకు లేదని, ఇది ఇంకేదో చేసిన పని అని చెప్పింది. సెక్రటరీ తెలివైనవాడు. “అయితే మేడమ్, గద్ద పావురాన్ని ముట్టదని గ్యారంటీ ఇస్తరా?” అని అడిగాడు.

అవును అంటే చాలు. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. పక్షుల గురించి అక్కడ ఆమెకు ఎదురు చెప్పగలిగేవాడు లేడు. నేను కూర్చున్నచోటు నుంచే అవునను, అవునను అని కళ్లతో బతిమాలాను.

“ఇయ్యను” అంది పెద్దమ్మ. “దెబ్బతిన్నదాన్ని, ఎగరరాని పిల్లని ఎత్తుకపోతది. నేను చూసిన. కని మీ పావురాలను ఇదే చంపిందని మాత్రం నేననను, మీరు కూడ అనొద్దు.”

ఆ మొదటి ముక్కతోనే పని అయిపోయింది. ఎత్తుకుపోతుందని మేడమే ఒప్పుకుంది అని నలుగురూ లేచారు. మెట్లెక్కుతూ నేను పెద్దమ్మ మీద అరిచాను. ఒక్క మాటతో రెండు ప్రాణాలు దక్కేవి కదా, నీ సత్యహరిశ్చంద్రం ఎవరికి కావాలి అన్నాను. ఆమె ఆయాసపడుతూ రెయిలింగు పట్టుకుని ఆగింది. “ఇయ్యాల గద్ద కోసం ఒక అబద్ధం ఆడితే, రేపు నా నిజం ఎవలు వింటరే?” అంది. నాకు కోపం తగ్గలేదు. ఆ రాత్రి ఆమెతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున తలుపు కొట్టింది పావురాలన్న. ఎదుటివాళ్లకు పనికొచ్చే మాట తన నోటితో తానే చెప్పిన మనిషిని ఇంతవరకు చూడలేదన్నాడు. గద్ద కాకపోతే ఇంకేమిటో చూపించమన్నాడు. ఆదివారం లోపల చూపిస్తే సరే, లేదంటే కొమ్మ కొట్టించడంలో తానే ముందుంటానని కూడా చెప్పాడు. పెద్దమ్మ ఫ్లాస్కులో చాయ్ పోసుకుని, మోకాళ్ల నొప్పులతో ఆయన డాబా ఎక్కింది. దుకాణం మా ఆయనకు అప్పజెప్పి నేనూ వెళ్లాను, కోపం కోపమే, కుతూహలం కుతూహలమే.

మొదటి పొద్దు ఏమీ జరగలేదు. ఆయన ప్రతి పక్షినీ చూపించి అదేనా అని అడగడం, ఈమె అది గద్ద అని చెప్పడం. ఆ మరుసటి రోజు కూడా అంతే. శనివారానికి ఆయన సహనం పోయింది. నా పావురాలు పైన, గద్దలు పైన, ఇంకా ఏం చూడాలక్కా అన్నాడు. అప్పుడు పెద్దమ్మ ఆయన్ను ఒక ప్రశ్న అడిగింది. గద్ద పక్క నుంచి పోతుంటే నీ పావురాలు ఏం చేస్తున్నాయి అని.

ఆయన తలెత్తి చూశాడు. గద్దలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి మధ్యలోంచే పావురాలు పల్టీలు కొట్టుకుంటూ పోతున్నాయి. ఒక్కటి కూడా దారి తప్పుకోవడం లేదు. పావురాల మనసు చదవడంలో ఆయన్ను మించినవాడు చుట్టుపక్కల లేడు. “భయపడ్తలేవు” అన్నాడు చివరికి.

ఆ మాట అన్న కాసేపటికే పావురాలన్నీ ఒక్కసారి దగ్గరికి వచ్చి ముద్దకట్టాయి. మెయిన్ రోడ్డు వైపు సెల్ టవరు మీద నుంచి ఏదో బయల్దేరింది. ముందు పైకి పోయింది, ఎంత పైకంటే నాకు కనిపించడం మానేసింది. తర్వాత రాయి పడ్డట్టు పడింది. బట్ట చింపిన చప్పుడు వినిపించింది, తెల్లటి ఈకలు గాలిలో తేలుతూ ఉండిపోయాయి. పావురాన్ని కాళ్ల మధ్య పట్టుకుని అది టవరు మీదికే వెళ్లి కూర్చుంది.

పావురాలన్న కర్ర కింద పడేశాడు. పెద్దమ్మ ఆయనకు పేరు చెప్పలేదు. నేను చెప్పబోతే నా చెయ్యి నొక్కింది. దుర్భిణి ఆయన చేతిలో పెట్టి, “ఏం చూసినవో చెప్పు తమ్మీ” అంది.

ఆయన చెప్పాడు, తడబడుతూ. రెక్క కొసకు వేళ్లు లేవు, కత్తి లెక్క ఉంది. తోక పొట్టిది. తల నల్లగా ఉంది, చెంపకు మీసం లాగ నల్ల చార. చెబుతూ చెబుతూ ఆగాడు. “మా నాయన అనేటోడు, బైరి, బైరి అని. నేను కతలు చెప్తుండనుకున్న” అన్నాడు.

మేం ముగ్గురం అక్కడే నిలబడి చూశాం. బైరి తిన్నంత తిని, మిగిలింది టవరు మీదే వదిలేసి ఎగిరిపోయింది. అది అటు పోగానే నిద్రగన్నేరు మీది గద్ద వచ్చింది. మిగిలిన రెక్కా కాలూ ఎత్తుకుని సీదా గూటికి తెచ్చింది. చెట్టు కింద రింగు ఎలా పడిందో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంగిలి తిన్నమాట నిజం, చంపిందన్నది మాత్రం పోలలేదు అంది పెద్దమ్మ, బ్యాంకు సీటులో కూర్చున్నట్టే.

ఆ సాయంత్రం సెల్లారులో పెద్దమ్మ నోరు విప్పలేదు. విప్పాల్సిన అవసరం లేదు. పావురాలన్నే అందరినీ పిలిచాడు. నష్టపోయింది నేను, నేనే చెబుతున్నా, గద్ద తప్పు లేదు, కొమ్మ ముట్టుకుంటే నన్ను దాటి ముట్టుకోండి అన్నాడు. మరి బైరి సంగతేమిటని ఎవరో అడిగారు. ఎండలు వచ్చేదాకా పావురాలను గూళ్లలోనే ఉంచుతానని, అది వచ్చిపోయే చుట్టమని అన్నాడు. ఆ ఎండాకాలం గద్ద పిల్లలు రెండూ ఎగిరాయి. మొదటిది మా అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు మీద వాలి, కిందికి దిగడం తెలియక పొద్దంతా అరిచింది. హెల్మెట్ పెద్దాయన దానికి పళ్లెంలో నీళ్లు పెట్టాడు.

గద్దల మేడమ్ అన్న పేరు అప్పుడు వచ్చింది. ఆ రోజు మెట్ల మీద నేను ఆమెను అడిగింది తేలికైన గెలుపు. ఆమె గెలిచిన తీరు వేరు. గద్దకు శత్రువైనవాడే గద్దకు సాక్షి అయ్యాడు, అతని కళ్లతోనే, అతని పావురాల సాక్షిగానే. నా పెద్దమ్మ అని చెప్పుకోవడానికి నాకు ఇంతకంటే ఏం కావాలి.

ఇక చివరగా మూడో నాటి సంగతి. మాలో మూడో రోజున పిట్టకు పెట్టడం ఆనవాయితీ. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి డాబా మీద పెడతాం. కాకి వచ్చి ముడితే వాళ్ల ప్రాణం తృప్తిపడినట్టు. పెద్దమ్మకు ఇష్టమని అన్నం, మటన్ కూర, గారెలు పెట్టాం. కాకి రాలేదు. ఎండ నెత్తికెక్కింది. ఏ కోరిక మిగిలిపోయిందోనని ఆడవాళ్లు కళ్లు ఒత్తుకోవడం మొదలుపెట్టారు. అన్న విస్తరి ముందు చేతులు కట్టుకుని నిలబడి, అమ్మా, ఏం తక్కువైందో చెప్పు అన్నాడు.

అప్పుడు పైనుంచి ఒక నీడ విస్తరి మీదుగా పోయింది. మటన్ ముక్క లేదు.

పెద్దమ్మ ఆడబిడ్డ, భక్తురాలు, చేతులు జోడించి గట్టిగా అంది. “గరుత్మంతుడే వచ్చిండు. మా వదిన సీదా వైకుంఠమే.” అందరూ మొక్కారు. అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట వాళ్లకు ఎంత ఊరటో నాకు తెలుసు. నోరు మూసుకుని ఉండటమే మర్యాద అని కూడా తెలుసు. కానీ మెట్ల మీద రెయిలింగు పట్టుకుని ఆగిన మనిషి గుర్తొచ్చింది. గరుడ పక్షి తల తెల్లగా ఉంటుంది అత్తమ్మా, దీని తల తెల్లగా లేదు అన్నాను.

అత్తమ్మకు కోపం రాలేదు. పిల్ల గరుడకు తల తెల్లగా ఉండదని, గోధుమ రంగులోనే ఉంటుందని మీ పెద్దమ్మనే నాకు చెప్పింది కదా అంది. అది నిజం. నేను ఇరుక్కుపోయాను. వెనక నుంచి పావురాలన్న ముందుకొచ్చాడు. “తోక చూడాలె అమ్మా. గరుడది గుండ్రం ఉంటది, గద్దకు నడుమ చీలిక ఉంటది. ఇప్పుడు ఇప్పుకోని తిరుగుతున్నది, తెలవది. మూసినప్పుడు చూడాలె.”

డాబా మీద ఉన్నవాళ్లందరూ తలలెత్తారు. అన్న, వదిన, కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న ముసలమ్మలు, అరచేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని, ఎండలో, ఒక పక్షి తోక మూసేదాకా ఎదురుచూస్తూ నిలబడ్డారు. అది గుండ్రంగా తిరుగుతూ, కాలు ముందుకు తెచ్చి గాలిలోనే ముక్క కొరుక్కు తింటోంది. ఈలోగా కాకులు వచ్చి విస్తరి మీద వాలాయి. వాటి వైపు ఎవరూ చూడలేదు. నారాయణగూడ వైపు గాలి మళ్లేచోట అది తిరగడం ఆపి, తోక దగ్గరికి ముడుచుకుంది.

“చీలిక ఉన్నది” అంది అత్తమ్మ అందరికంటే ముందు, తల దించకుండానే. “గద్దనే.”